గాలి పూర్తిగా పోయేదాకా

జులై 14

స్పేర్ పార్టుల కొట్టువాడు ఏటేటా ఇచ్చే డైరీ ఇది. ఎవరి బండికి ఏం చేశానో రాసుకోవడానికి. ఇవాళ రాసుకునే పనేం లేదు. ఘాట్ రోడ్డు మీద చెట్టు పడి దారి మూసేశారు. కొండ ఎక్కలేక ఉడికిపోయి వెనక్కి దిగొచ్చే బళ్ళే నాకు అన్నం పెడతాయి. ఉడుపి వైపు కొండ కింద ఈ సోమేశ్వరంలో నన్ను ‘హోస్ పైపు ఐత్తప్ప’ అంటారు గానీ ఉత్త ఐత్తప్ప అంటే ఎవడికీ తెలీదు.

మధ్యాహ్నం శీనప్ప వచ్చాడు. నా భార్య వారిజకి అన్న. పని లేనిదే గడప తొక్కే రకం కాదు. గొడుగైనా దులపకుండా, "సంబంధం కుదిరింది బావా" అన్నాడు.

ఎవరికని నేను అడగలేదు. మా ఇంట్లో పెళ్ళి కావాల్సింది ఒక్కతే. మా కూతురు నిశ్మిత. ఉంటే ఈపాటికి ఇరవై రెండు నిండేవి. ఐదేళ్ళప్పుడు పోయింది.

అబ్బాయిది హిరియడ్క. మూడేళ్ళప్పుడు బావిలో పడి పోయాడు. సుజిత్ అని పేరు. వాళ్ళ వంశం సాలియాన్ బరి, మా పిల్లది తల్లి లెక్కన బంగేర బరి, కాబట్టి అడ్డం లేదు. జాతకాలు కూడా కలిశాయట.

"పోయినవాళ్ళకి జాతకమేమిట్రా, జరగాల్సింది జరిగిపోయిందిగా" అన్నాను.

వాడు నవ్వలేదు. వంటింట్లోంచి వారిజ, "తమాషాలు చాలు" అంది.

మూడు నెలలుగా దానికి ఒకటే కల. పిల్ల ఎదిగి, జుట్టు విరబోసుకుని గుమ్మంలో కూర్చుని, లోపలికి రాదట, బయటికి పోదట. అన్నకి చెప్పింది. అన్న వెళ్ళి సంబంధం చూశాడు. మాలో మేనమామదే మాట, తండ్రిని అడగడం మర్యాదకి. ఆటి నెల వస్తోంది. బతికున్నవాళ్ళకి పెళ్ళిళ్ళుండని నెల, పోయినవాళ్ళవి అప్పుడే చేస్తాం. ఆగస్టు నాలుగు అన్నాడు. సరే అన్నాను.

వాడు వెళ్ళాక వారిజ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "పిల్లని మన కారులోనే తీసుకెళ్ళాలి."

"మీ అన్న జీపుందిగా."

"జీపు దానికేం తెలుసు? దానికి తెలిసింది ఈ కారే."

పదిహేడేళ్ళయింది ఆ కారు రోడ్డెక్కి. పిల్ల పోయిన రోజు దారిలో హోస్ పైపు పగిలింది. అంతే.

జులై 15

చూద్దాం అన్నాను. చూద్దాం అంటే సరే అన్నట్టేనని వారిజ పక్కింటికి కూడా చెప్పేసింది.

జులై 17

ఆటి మొదలైంది. వాన.

షెడ్డు తీశాను. తెల్ల అంబాసిడర్. తెలుపు అని నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను, చూసేవాడికి తెలీదు. ఆ ఏడే ఇంజను తల దింపి, చదును చేయించి, గ్యాస్కెట్ మార్చి బిగించాను. రోడ్డెక్కించలేదు. నెలకోసారి రేడియేటర్లో నాలుగు చెంబులు పోసి స్టార్ట్ చేస్తాను, రెండు నిమిషాలు నడిపి, నీళ్ళు వదిలేసి ఆపేస్తాను. వేడెక్కనివ్వను. ఎందుకంటే ఏముంది, బ్యాటరీ పోకుండా.

అన్ని పైపులూ మార్చాలి. పాత రబ్బరు నొక్కితే పెంకులా ఉంది. కొలతలు రాసుకుని ఉడుపికి చెప్పి పంపాను.

వెనక ఎడమవైపు అద్దం మీద మసక. కింది మూలలో, అరచేయంత. గుడ్డతో తుడిస్తే పోలేదు. తలుపు తీసి లోపలినుంచి తుడిస్తే పోయింది. షెడ్డులో తేమ. ఈ వానకి గోడలే చెమర్చుతున్నాయి, అద్దమొక లెక్కా.

జులై 18

అద్దం మళ్ళీ మసకబారింది. అదే మూల. మిగతా మూడు అద్దాలూ శుభ్రంగా ఉన్నాయి.

జులై 19

పైపులు ఊడదీశాను. కింది పెద్దది, పక్కన చిన్నది, పైది. కింది పైపు వదలగానే ఇటుకపొడి కలిపినట్టు నీళ్ళొచ్చాయి. రేడియేటర్ని తిరగేసి కడిగాను. పైపులు తొడిగే మూతులు రెండూ గరుకు కాగితంతో రుద్దాను, కొత్త రూపాయిలా మెరిసేదాకా. ఈ పని చెయ్యని మెకానిక్ మెకానిక్కే కాదు. కొత్త పైపు పాత తుప్పు మీద ఎక్కిస్తే వారానికి కారుతుంది.

పై పైపు పట్టుకుని చాలాసేపు చూశాను. ఎక్కడా చిరగలేదు. బయట బాగుంది. లోపల పగిలి ఉంటుంది.

శీనప్ప అప్పుడే రావాలా! ఇరవై ఏళ్ళు లారీ తోలినవాడు, వాడి కళ్ళు ముందు పైపుల మీదే పడతాయి. పైది తీసి, వంచి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు.

"బావా, ఆ రోజు పగిలిందన్నది ఇదేనా?"

"కాదు. అది పారేశాను. ఇది తర్వాత వేసింది."

"తర్వాతదా? క్లిప్పులు మాత్రం నువ్వెప్పుడో వేసినట్టున్నాయే."

"నువ్వు లారీ తోలావా, పోలీసుద్యోగం చేశావా?"

నవ్వాడు. వాడి చేతిలోంచి లాక్కుని అటక మీద పెట్టాను. వాడు వెళ్ళాక అక్కణ్ణుంచి తీసి, కోళ్ళ గూడు వెనక గుంట తీసి పూడ్చాను. రబ్బరు ముక్కకి ఇంత తతంగమా అని నాకే నవ్వొచ్చింది.

జులై 20

వారిజ వాగు చేపలు పులుసు పెట్టింది, అన్న కోసం. నాకు వాగు చేపలు పడవు. సముద్రం చేపలైతే ఫరవాలేదు.

జులై 22

కొత్త పైపులు వచ్చాయి. సబ్బునీళ్ళు రాసి ఎక్కించాను. తిప్పుతూ తొయ్యాలి, బలంతో కాదు. క్లిప్పు అంచుకి రెండు వేళ్ళు ఇవతల పడాలి. మూడు పైపులకీ గంట పట్టింది. వయసులో అరగంటలో చేసేవాణ్ణి.

తర్వాత గాలి తీయడం. కొత్త పైపులేసి నీళ్ళు పోశామంటే లోపల ఎక్కడో గాలి ఇరుక్కుంటుంది. గాలి ఉన్నచోట నీళ్ళు తిరగవు, నీళ్ళు తిరగనిచోట ఇనుము మండిపోతుంది. ముందు చక్రాల కింద ఎర్ర మొరపరాయి దిమ్మలు రెండు పెట్టి కారు ముక్కు పైకెత్తాను. మూత తీసి, ఇంజను నడిపిస్తూ, పై పైపుని గుడ్డతో పట్టుకుని పిసకాలి. బుడగలొస్తాయి, నీళ్ళు తగ్గుతాయి, పోయాలి. బుడగలు ఆగేదాకా అదే పని. మామూలుగా ఇరవై నిమిషాలు.

గంటన్నర చేశాను. ఆగలేదు. రేపు చూద్దాం.

జులై 23

ఆగలేదు.

గ్యాస్కెట్ పోయిందేమోనని చూశాను. నీళ్ళలో పొగ వాసన లేదు. నూనె తేలలేదు. ఆయిల్ పుల్ల తీస్తే తేనెలా శుభ్రంగా ఉంది. గాలి ఎటునుంచీ లోపలికి పోవడం లేదు. మరి ఎక్కణ్ణుంచి వస్తోంది?

మూడు బుడగలు గబగబా. ఆగుతుంది. తర్వాత ఒకటి పెద్దది, లాగి లాగి. మళ్ళీ మూడు.

జులై 24

పొద్దున మూత తీస్తే నీళ్ళు తగ్గాయి. చిన్న గ్లాసుడు. కింద పరిచిన అట్టముక్క పొడిగా ఉంది. పోశాను.

జులై 25

మళ్ళీ గ్లాసుడు. సరిగ్గా అంతే. వంటింట్లో పైన అరలో ఒక చిన్న స్టీలు గ్లాసుంది, చెంప మీద సొట్ట. అదెవరూ వాడరు. వారిజ లేనప్పుడు తెచ్చి దాంతోనే కొలిచి పోశాను. అంచుకి సరిపోయింది.

జులై 26

అద్దం మీద మసక పైకి జరిగింది.

పదో రోజుకి తట్టింది నాకు. మొదట కింది మూలలో ఉండేది, ఒళ్ళో పడుకున్న పిల్ల మొహం ఎంత ఎత్తులో ఉంటుందో అంత. ఇవాళ టేపు పెట్టి చూశాను. జానెడు పైకొచ్చింది. వారిజని పిలుద్దామనుకున్నాను. పిలవలేదు. తేమ పైకి ఎక్కుతుంది, గోడల్లో చూడమా.

జులై 28

ఆ బుడగలు వచ్చే తీరు నాకు తెలుసు. మొదటి రోజునుంచీ తెలుసు.

మూడు గబగబా, ఆగడం, ఒకటి లాగి లాగి. ఆ పొద్దున పట్నం ఆసుపత్రికి పోతుంటే వెనక సీట్లోంచి విన్న పిల్ల ఎగపీల్పు అదే. పెర్డూరు దాటాక అడవిలో ఇంజను ఆగిపోయాక, వాన చప్పుడులో కూడా అదే వినబడింది. వారిజ పిల్ల గుండె రాస్తూనే ఉంది. నేను బానెట్ ఎత్తి నిలబడ్డాను, ఆవిరి తప్ప ఏం కనబడలేదు. అరగంటలో ఒక్క బండీ రాలేదు. తర్వాత అదీ వినబడలేదు.

హోస్ పగిలింది.

జులై 29

పొద్దున పని చెయ్యలేదు. మూత తీసి, ఇంజను నడిపిస్తూ, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. పైపు పిసకలేదు. ఊరికే విన్నాను. డీజిలు దండగ.

ఆటి అమావాస్య

తెల్లారకముందే ఏడాకుల పాలె చెట్టు బెరడు రాయితో కొట్టి తెచ్చాను. ఇనుము తగలకూడదు దానికి. వారిజ మిరియాలూ వెల్లుల్లీ వేసి కషాయం కాచింది. ఏడాదికోసారి తాగే చేదు. తాగితే ఏడాదంతా రోగం రాదంటారు. ఆ ఏడు కూడా తాగించేవాళ్ళమే. అప్పటిదాకా ఉండలేదు.

మధ్యాహ్నం పెద్దలకి ఆకు వేసి పెట్టాం. కాకి వచ్చింది, వాలింది, తినలేదు. షెడ్డు వైపే చూస్తూ కూర్చుంది. శీనప్ప, "కాకికి కూడా మీ ఇంటి కషాయం తాగించారేమిటి?" అన్నాడు. వారిజ కూడా నవ్వింది.

సాయంత్రం వారిజ షెడ్డులోకొచ్చింది. చేతిలో ఎర్ర గాజులు, దువ్వెన, నల్ల పూసలు. వెనక సీటు దులపాలంది. తలుపు తీసి కూర్చుంది, ఆ రోజు కూర్చున్నచోటే. సీటు మీద చెయ్యేసి, "ఇక్కడ వెచ్చగా ఉందండీ" అంది.

"ఇంజను నడిచిందిగా."

"ఇంజను ముందుంది. ఇది వెనక సీటు."

అది కాసేపు అలాగే కూర్చుంది. పక్కకి జరిగి కూర్చుందని తర్వాత గుర్తొచ్చింది. ఎవరికో చోటిచ్చినట్టు.

ఆగస్టు 2

శీనప్ప వచ్చి పైపు పట్టుకుని చూశాడు, బుడగలు చూశాడు, మొహం గంభీరంగా పెట్టాడు.

"బావా, ఇది దారిలో ఉడుకుతుంది. ఇంకో మాట లేదు. నా జీపు తీసుకెళ్దాం."

గడపలో నిలబడి వారిజ, "కారు లేకపోతే పెళ్ళి లేదు. వచ్చే ఆటికి చేద్దాం" అంది.

"అవతలివాళ్ళు ఆగాలిగా చెల్లీ. వాళ్ళకీ వాళ్ళ తొందరలుంటాయి. రేపు ఇంకో సంబంధం చూసుకుంటారు."

"చూసుకోనీ."

ఇద్దరూ నా వైపు చూశారు. కారు సిద్ధం కాదని ఒక్క మాట అంటే అయిపోతుంది. అనాలనిపించింది. ఇంకో ఏడాది షెడ్డులోనే ఉంటుంది కదా, రోజూ పొద్దున గ్లాసుడు నీళ్ళు పోసుకోవచ్చు కదా, స్టూలు వేసుకుని కూర్చోవచ్చు కదా అనిపించింది. ఎంత సిగ్గులేని ఆలోచనో! పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది, లోపలికి రాలేక, బయటికి పోలేక. తల్లికి కలలో కనబడి మరీ చెప్పింది. నేనేమో నాకు వినబడుతోంది కదా చాలు అనుకుంటున్నాను.

"ఎల్లుండికి సిద్ధం చేస్తాను" అన్నాను.

అద్దం మీద మసక ఇప్పుడు ఎదిగిన ఆడపిల్ల కూర్చుంటే మొహం ఉండేంత ఎత్తులో ఉంది. టేపు పెట్టలేదు. పెట్టక్కర్లేదు.

ఆగస్టు 3

హోస్ పగల్లేదు.

రాసేశాను. ఇది చదివేవాడు ఎవడూ లేడు. వారిజకి ఈ డైరీ అంటే గ్రీజు వాసన, ముట్టుకోదు.

పిల్ల పోవడానికి ముందురోజు సాయంత్రం పాత పైపు మెత్తబడిందని కొత్తది వేశాను. నీళ్ళు పోశాను. దిమ్మలు తెచ్చి పెట్టి గాలి తీయాలి, ఇరవై నిమిషాల పని. చీకటి పడబోతోంది. తొలి వరద వచ్చిన రోజు అది. వాగులోంచి చేపలు పొలాల్లోకి ఎక్కాయని వీధంతా కేకలు. ఏడాదికి ఒక్కసారి, ఒక్క పూట. కత్తులు, బుట్టలు, లాంతర్లు పట్టుకుని మగాళ్ళంతా మడుల్లోకి పరిగెత్తుతున్నారు. నేనూ పరిగెత్తాను. రేపు పొద్దున తీద్దాం గాలి, ఎక్కడికి పోతుంది కారు అనుకున్నాను.

బుట్టెడు పట్టాను. పిల్ల ఆ సాయంత్రం బాగానే ఉంది, కొంచెం జలుబు. చేపల్ని చూసి చప్పట్లు కొట్టింది. ఒకటి ఇంకా గిలగిల కొట్టుకుంటుంటే దాన్ని మళ్ళీ నీళ్ళలో వెయ్యమంది. వారిజ పులుసు పెట్టింది. మూడుసార్లు వడ్డించుకున్నాను.

తెల్లారేసరికి పిల్లకి ఊపిరి అందడం లేదు. కారు తీశాను. గాలి సంగతి గుర్తుంది. మర్చిపోయానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. తాళం తిప్పుతున్నప్పుడు గుర్తుంది. ఇరవై నిమిషాలు ఆగాలా, ఆగకూడదా? ఆగలేదు. పట్నం దాకా ఎలాగో పోతుందిలే అనుకున్నాను.

పోలేదు.

నాకు వాగు చేపలు పడకపోవడం ఏం లేదు. తినలేను, అంతే.

ఆగస్టు 4

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఆరింటికి కారు కడిగాను. తెల్ల రంగు తేలింది. పెళ్ళికూతురి బండి ముఖం తూర్పుకి ఉండాలని శీనప్ప నిన్నే తిప్పి పెట్టించాడు, తూర్పంటే మా వాకిట్లో పల్లం. ముక్కు కిందికి దిగిపోతే గాలెలా తీసేది! పడమరకి తిప్పాను. వాడు గొణిగాడు. "శాస్త్రం నీది, రేడియేటర్ నాది" అన్నాను. దిమ్మలు పెట్టి, మూత తీసి, ఇంజను స్టార్ట్ చేశాను.

మూడు గబగబా. ఒకటి లాగి లాగి.

ఏడయింది. ఎనిమిదయింది. పదింటికల్లా బయల్దేరాలి. పైపు పిసికి పిసికి అరచెయ్యి బొబ్బలెక్కింది. శీనప్ప జీపు తుడిచి సిద్ధంగా పెట్టాడు.

వారిజ వచ్చింది. పట్టుచీర కట్టింది. బుట్టలో పెళ్ళికూతురి సామాను: చీర, గాజులు, దువ్వెన, అరటాకులో చుట్టిన శంకరపుర మల్లెలు. ఇంకో చేతిలో సొట్ట గ్లాసు. నేను దాన్ని వాడుతున్నానని ఎప్పటినుంచి తెలుసో. బుట్ట వెనక సీట్లో పెట్టి, నా పక్కకొచ్చి, గ్లాసులో నీళ్ళు రేడియేటర్లో పోసింది. బుడగల్నే చూస్తూ నిలబడింది.

దానికీ వినబడుతోందని మొహం చూస్తేనే తెలిసింది.

"వారిజా, ఆ రోజు హోస్ పగల్లేదు" అన్నాను.

అది తలెత్తలేదు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"గాలి తియ్యలేదు మీరు."

నా చెయ్యి పైపు మీదే ఆగిపోయింది. "ఎలా తెలుసు?"

"ఎవరి కారుకి పైపు మార్చినా ఈ దిమ్మలు పెడతారు మీరు. రాత్రంతా వాన. వాకిట్లో కారు కింద పెట్టి ఉంటే తడిసి నల్లబడేవి. పొద్దున పిల్లని ఎత్తుకుని వస్తుంటే చూశాను. చూరు కింద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, ఎర్రగా, పొడిగా."

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే ఆగేవారు. ఆగొద్దనుకున్నాను నేను కూడా." గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "దారిలో ఆగిపోయాక అందామనుకున్నాను. అంటే నేను కూడా చెప్పాల్సొచ్చేది. ఆ సాయంత్రం మీరు దిమ్మలు తెద్దామని లేచారు. నేనే కదా బుట్ట చేతికిచ్చి, పొండి, ఆలస్యమైతే చేపలన్నీ వాళ్ళే పట్టేస్తారు అన్నది. మీకు గుర్తులేదా?"

నాకు గుర్తులేదు. ఒట్టు. పదిహేడేళ్ళుగా ఆ సాయంత్రాన్ని రోజూ తిరగేశాను, దానిలో వారిజ లేదు. దాని సాయంత్రంలో మాత్రం అది ఒక్కతే ఉందన్నమాట. ఒకే కప్పు కింద ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం మోశాం.

ఏడ్చాను. ఇంజను చప్పుడు ఉంది కాబట్టి శీనప్పకి వినబడి ఉండదు. అదీ ఏడ్చింది. తర్వాత కొంగుతో నా మొహం తుడిచి, "పిసకండి. టైమవుతోంది" అంది.

"వారిజా, ఆగిపోతే?"

నేనేమడుగుతున్నానో దానికి తెలుసు. గాలి పూర్తిగా పోతేనే కారు కదులుతుంది. కానీ ఆ చప్పుడు ఒకసారి ఆగడం మేమిద్దరం విన్నాం. రెండోసారి నా చేత్తో ఆపాలి.

"ఎన్నాళ్ళని ఎగపీల్చమంటారు దాన్ని?" అంది. నా చేతి మీద చెయ్యి వేసింది. ఇద్దరం కలిసి పిసికాం.

మూడు. తర్వాత ఒకటి. మూడు. చాలాసేపటికి ఒకటి. రెండు. వారిజ పోస్తూనే ఉంది. ఒకటి, చిన్నది. నీళ్ళు కదలకుండా నిలబడ్డాయి, మా రెండు మొహాలూ కనబడ్డాయి వాటిలో. ఇంకోటి వస్తుందని చూశాం. రాలేదు. కింది పైపు వేడెక్కింది, నీళ్ళు తిరుగుతున్నాయి. మూత బిగించాను. నా జీవితంలో ఇంత కష్టపడి బిగించిన మూత ఇంకోటి లేదు.

పదింబావుకి బయల్దేరాం. వెనక సీట్లో వారిజ కుడివైపు, మధ్యలో బుట్ట, ఎడమవైపు ఖాళీ. ముందున్న అద్దంలోంచి వెనక్కి చూడొద్దనుకుంటూనే చూశాను. తలుపు అద్దం మీద మసక అక్కడే ఉంది, ఎదిగిన పిల్ల ఎత్తులో, పెద్దదవుతూ చిన్నదవుతూ. చప్పుడు లేదు. ఇంజను చప్పుడు, వాన చప్పుడు, అంతే. ఎగపీల్పు లేదు.

పెర్డూరు దాటి అడవి వచ్చింది. వేడి ముల్లు సగంలో నిలబడింది. ఆ చోటు రాగానే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. "ఆపకండి" అంది వారిజ. ఆపలేదు. ముల్లు కదల్లేదు. ఆ చోటు వెనక్కి పోయింది. వెనక్కి పోయింది అని రాస్తున్నాను గానీ ఇప్పటికీ నమ్మకం కలగడం లేదు.

హిరియడ్కలో ముత్తక్క, అబ్బాయి తల్లి, వాకిట్లోనే ఎదురొచ్చి కారు ఎడమ తలుపు తీసింది, ఎవరో దిగడానికి ఆగినట్టు ఆగింది, "రామ్మా, కుడికాలు ముందు" అంది. పెళ్ళికాని పిల్లల్ని లోపలి గదిలోకి పంపి తలుపేశారు, ఇలాంటి పెళ్ళి వాళ్ళు చూడకూడదు. రెండు కుర్చీలు. ఒకదాని మీద పంచె, ఒకదాని మీద చీర. చీర మీద మల్లెలు. పెళ్ళికొడుకు కుర్చీ ఎడమవైపు వేశారని శీనప్ప గొడవ పెట్టుకున్నాడు, కుడివైపుకి మార్పించాడు. అసలు పెళ్ళిళ్ళలో కూడా ఇంతే వాడు. ఆ బట్టల్ని ఎత్తుకుని ఏడు ప్రదక్షిణాలు తిప్పారు. దండలు మార్చారు. వారిజ, కుర్చీ మీది చీర కొంగు తీసి పంచెకి ముడేసింది.

భోజనాల్లో ముందు వాళ్ళిద్దరికీ ఆకులేశారు. తర్వాత మాకు. ముత్తక్క స్వయంగా గిన్నె పట్టుకుని వచ్చింది. "అన్నా, వాగు చేపల పులుసు. మా మడిలో పట్టినవి. వద్దంటే ఊరుకోను, వియ్యంకులు."

వారిజ నా వైపు చూసింది. నేను ఆకుకి చెయ్యి అడ్డం పెట్టలేదు. తిన్నాను. వాగు చేపకి ముళ్ళెలా తియ్యాలో మర్చిపోయాను, నెమ్మదిగా తిన్నాను. ఏం కాలేదు.

తిరిగొచ్చేటప్పుడు వెనక అద్దం శుభ్రంగా ఉంది. దాంట్లోంచి చెట్లు, వాన, అన్నీ కనబడ్డాయి.

ఆగస్టు 5

నీళ్ళు తగ్గలేదు. గ్లాసు కడిగి అరలో పెట్టేశాను.

ఆగస్టు 6

శివమొగ్గ కారొకటి ఉడికి వచ్చింది. పై పైపు, క్లిప్పులు మార్చాను. గాలి తీశాను, పద్దెనిమిది నిమిషాలు. ఓనరు తొందర పెట్టాడు. కూర్చోమన్నాను.

షెడ్డులో మరీ నిశ్శబ్దంగా ఉంది. స్టూలు బయటికి తెచ్చి వేసుకున్నాను.

ఆగస్టు 9

ముత్తక్క ఫోను చేసింది. పెళ్ళయ్యాక ఐదో రోజు క్షేమం కనుక్కోవాలట, వాళ్ళ పద్ధతి. వారిజ ఇంట్లో లేదు, నేనే మాట్లాడాను. వాన గురించి, వక్కతోటలో తెగులు గురించి చెప్పింది. పెట్టేస్తూ పెట్టేస్తూ అడిగింది.

"అన్నా, మీ ఊళ్ళో కూడా ఇంతే తేమా? సుజిత్ పడుకునే గది ఉంది చూడండి, మూసే ఉంచుతాం. నాలుగు రోజులుగా ఆ కిటికీ అద్దం మసకేస్తోంది. ఎంత తుడిచినా పోదు, లోపలినుంచి తుడిస్తేనే పోతుంది. విచిత్రమేమిటంటే అద్దమంతా కాదు. రెండు చోట్లే. పక్కపక్కన."

ఫోను చెవికి ఆనించుకునే షెడ్డు వైపు తిరిగాను. ఫోను కట్టయిందనుకుని, "అన్నా, ఉన్నారా?" అంది.

"ఉన్నాను. మాకు తేమ తగ్గిపోయిందమ్మా" అన్నాను. "తుడవకండి. ఉండనివ్వండి."